పొజ్జా వచ్చేదాకా డోలు ముట్టొద్దు

నాకు కోపం ఎక్కువని తర్లగూడలో అందరూ అంటారు. అది అబద్ధం. నాకు కోపం సరిపడా ఉంది, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు తిన్నగా లేకపోవడం వల్ల అది ఎక్కువగా కనబడుతుంది. ఆ రోజు సంగతే తీసుకోండి. మా అక్క ఇంట్లో, మేనకోడలు దుర్గ పెళ్లి మాటలు జరుగుతున్నాయి. మధ్యలో మా బావ లేచి, "డీజే సునీల్‌కు తేదీ చెప్పొస్త" అని చెప్పులు వేసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా క్లారినెట్ వాయిస్తున్న మేనమామ గడపలోనే కూర్చుని ఉండగా! నేను టీ గ్లాసు నేలకేసి కొట్టాను. స్టీలుది కాబట్టి పగల్లేదు. దొర్లుకుంటూ వాకిట్లోకి పోయి కుక్కను లేపింది.

"ఈ కాశయ్య బతికుండంగ మనింటి పెండ్లిల డీజే మోగదు! బ్యాండు తెస్త!" అని అరిచాను.

"ఏ బ్యాండు మామా?" అంది దుర్గ.

దుర్గ భోపాలపట్నంలో ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణంలో పనిచేస్తుంది. ఎవరేం మాట్లాడినా ఫారం నింపుతున్నట్టే అడుగుతుంది. ఏ బ్యాండు, ఎంతమంది, ఏ తేదీ. అసలు నా దగ్గర బ్యాండు లేదు. ఉండేది. ట్రంపెట్ లక్ష్మణ్‌కు ముందు పళ్లు నాలుగు ఊడాక గాలంతా పక్కలనుంచి పోయింది. ఇక పుల్లలతో కొట్టే మా తాషా డప్పు వాయించినవాడు ఎవరో తెలుసా? ఈ సునీలే. నా దగ్గర పుల్లలు పట్టుకోవడం నేర్చుకుని, పాత పికప్ గాడీ కొని, దాని మీద బీరువాలంత బాక్సులు కట్టి, డీజే అయ్యాడు. ఇప్పుడు నేను కనబడితే "గురూజీ, బాగున్నవా?" అంటాడు. వాడలా పలకరించిన రోజు నాకు అన్నం సహించదు.

"నలుగురితో బ్యాండు తెస్త. పెండ్లికి మూడు రోజుల ముందు మీ ఇంటి ముందట వాయించి చూపిస్త," అన్నాను.

"తేకపోతే?"

"తేకపోతే క్లారినెట్ అటక మీద పెట్టి, సునీల్ డీజే ముందట డాన్స్ చేస్త!"

ఆ మాట నేను కాదు, నా కోపం అన్నది. కానీ విన్నవాళ్లు పదిమంది ఉన్నారు, దుర్గ ఫోనులో రికార్డు కూడా చేసింది. పెళ్లికి నలభై రోజులుంది. ఇంటికొచ్చి పెట్టె తెరిచి క్లారినెట్ ఒళ్లో పెట్టుకుంటే నాకు నిజంగా భయం వేసింది. చర్లలో ఒక బ్యాండు మాస్టరు ఇంట్లో మూడేళ్లు నీళ్లు మోసి నేర్చుకున్న విద్య ఇది. ఇది అటకెక్కితే ఇక నేనేమిటి? రెండెకరాల మిరప చేను, ఒక కోపం. అంతే కదా మిగిలేది.

నలుగురిలో నేను ఒకణ్ణి. రెండో పేరు నాకు ముందే తెలుసు. పామేడు దగ్గర గూడెంలో పొజ్జా అని ఒకడున్నాడు. ఎప్పుడో ఒక పెళ్లిలో వాడి డోలు విన్నాను. పొట్టలో పేగులు కూడా లేచి నిలబడ్డాయి. తర్లగూడ ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది, పామేడూ ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. అయినా ఇక్కడి నుంచి అక్కడికి పోవాలంటే తెలంగాణలో దిగి, వాజేడు, వెంకటాపురం, చర్ల చుట్టి, మళ్లీ ఛత్తీస్‌గఢ్ ఎక్కాలి. నడుము విరిగి నేను చేరేసరికి పొజ్జా చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుతున్నాడు.

"వస్త కాశన్నా," అన్నాడు వెంటనే. మనిషి మెత్తన. "నేనైతే వస్త. డోలు రాదు."

"డోలుకేమైంది?"

"డోలు నాది కాదు, ఊరిది. మా అవ్వ ఒప్పుకుంటేనే ఊరు దాటుతది."

వాళ్ల అవ్వ పేరు ఇర్మె. గూడెంలో అందరికంటే పెద్ద. వయసు ఎంతని అడిగితే, తన వయసు వాళ్లంతా పోయారు కాబట్టి లెక్క చెప్పేవాళ్లు లేరంది. నులక మంచం మీద కూర్చుని నన్ను పైనుంచి కింది దాకా చూసింది. గోడ పక్కన డోలు ఉంది. మద్ది మొద్దు తొలిచి ఆమె మొగుడే చేశాడట. దాని మీద దెబ్బ పడితే వాగు అవతల మూడు గూడేలకు వినబడుతుందట.

"ఓ పిల్లగా," అంది ఇర్మె. నాకు యాభై నాలుగేళ్లు. "నీతోటి వాయించేటోళ్లు ఎవరు?"

"ఇంక దొరకలేదవ్వా. దొరుకుతరు."

"దొరికినంక అందరినీ ఇక్కడికి తోలుకరా. నేను వినాలె. నా చెవులకు నచ్చితే డోలు తీస్కపో. నచ్చకపోతే నువ్వు తీస్కొచ్చినోళ్లను తీస్కపో."

పెళ్లిసంబంధానికి కూడా ఇంత తిప్పలు పెట్టరు. కోపం వచ్చింది కానీ, ముసలమ్మ చేతిలో కర్ర ఉంది. సరేనన్నాను.

మిగతా ఇద్దరి కోసం ఎక్కని బస్సు లేదు. భోపాలపట్నంలో ఒకడు వాయిస్తాడంటే పోయాను, వాడు ఫోనులో వాయిస్తాడు. బీజాపూర్‌లో ఒకాయన దగ్గర పెద్ద డ్రమ్ము ఉందంటే పోయాను, అందులో వడ్లు పోసుకున్నాడు. చివరికి ఒక లారీ డ్రైవరు చెప్పాడు, బచేలి రైల్వే కాలనీలో అమ్మవారి పండగకు విజయనగరం వైపు మనిషి ఒకడు డప్పులు దంచేస్తాడని. బీజాపూర్, గీదం, దంతెవాడ మీదుగా రోజంతా కూర్చుని బచేలిలో దిగాను. వాడి పేరు జయరావు, రైల్వేలో పట్టాల బిగింపులు చూసే కీమ్యాన్, ఇప్పుడు లైను మీద ఉంటాడని టీ కొట్టువాడు చెప్పాడు.

లైను పక్క బాట పట్టుకుని నడిచాను. గనుల నుంచి ఇనుపరాయి మోసే రైలు ఒకటి నా మీద ఎర్ర దుమ్ము కొట్టి పోయింది. అది పోయాక వినబడింది, పట్టాల మీద సుత్తి దెబ్బ. టంగ్, టంగ్… టక. టంగ్, టంగ్… టక. నేను అక్కడే నిలబడిపోయాను.

"ఎవరండీ బాబూ! లైను మీదకి రాకూడదండి!" అని అరిచాడు ఎండకు కమిలిన బక్కమనిషి.

"నువ్వు కొట్టేది ఏం తాళం?"

"తాళవేటండీ? బిగువుందో నేదో సూస్తన్నాను."

"అబద్ధమాడకు. రెండు దెబ్బలు కొట్టి మూడోది ఆపి కొడుతున్నవ్. ఇనుముకు ఆ ఆపుడెందుకు?"

జయరావు అటూ ఇటూ చూశాడు. సిగ్గుతో మొహం వేలాడేశాడు. "డ్యూటీలో వాయించీసేనని ఎవరికీ సెప్పకండి మేస్టారూ. మా తాత దెబ్బండది. మా ఊళ్లో పెళ్లి ఊరేగింపుకి అదే కొడతారండి." అని తొడ మీద వాయించి చూపించాడు. రెండు బరువైన దెబ్బలు, ఒక ఖాళీ, మళ్లీ ఒకటి. పెళ్లికొడుకు తొందర లేకుండా, ఊరంతా తనదే అన్నట్టు నడిచొస్తున్న దెబ్బ. అక్కడే వాణ్ణి కౌగిలించుకున్నాను. పాపం, భయపడ్డాడు.

నాలుగో మనిషిని జయరావే చూపించాడు. పక్క క్వార్టరులో హెప్సిబా, ఇరవై మూడేళ్ల పిల్ల, చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. నాకు కీబోర్డంటే పడదు. అది డీజేకు చెల్లెలు. పైగా ఆడపిల్ల.

"బ్యాండుల ఆడపిల్ల ఏంది?" అన్నాను.

"బ్యాండులో ముసలాయన ఏంటి అని నేను అడగలేదు కదా అంకుల్," అంది హెప్సిబా. తరువాత నన్ను క్లారినెట్ మీద ఒక ముక్క వాయించమంది. వాయించాను. వింటూ వింటూ, చూడకుండానే, ఎడమ చేత్తో దాని కింద నాలుగు స్వరాలు పరిచింది. నా క్లారినెట్టుకు ఇన్నేళ్లలో ఎవరూ చాప వేసి కూర్చోబెట్టలేదు. ఆ పిల్ల వేసింది. బ్యాండుకు రమ్మని నేనే అడిగాను.

"రెండు షరతులు," అంది. "ఆదివారం చర్చికి నేనిక్కడ ఉండాలి. మీరు అరిస్తే మాత్రం కీబోర్డు సర్దేసుకుని వచ్చేస్తాను."

"నేనెప్పుడు అరిచిన?" అని అరిచాను.

పెళ్లి ఇంక వారం ఉందనగా జయరావుకు నాలుగు రోజుల సెలవు దొరికింది. గురువారం మధ్యాహ్నానికి ముగ్గురం పామేడు గూడెం చేరాం. జయరావు తాషా తెచ్చుకున్నాడు. హెప్సిబా బ్యాటరీల కీబోర్డు తెచ్చుకుంది. శుక్రవారం పొద్దునే బయల్దేరితే తప్ప ఆమె చర్చి, వాడి డ్యూటీ అందవు. అంటే ఇర్మె ముసలమ్మ వినాల్సింది ఆ సాయంత్రమే.

పొజ్జా డోలును నీడలోకి దించి, భుజాన సొరకాయ బుర్ర తగిలించుకున్నాడు. "తాటిచెట్టుకు పోయి కల్లు తెస్త. ముందు డోలుకు రెండు చుక్కలు పోయాలె. నేను వచ్చేదాకా డోలు ముట్టొద్దు కాశన్నా," అన్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి మళ్లీ చెప్పాడు. "ముట్టొద్దు."

రెండుసార్లు చెప్పాడు. నేను ఒప్పుకుంటాను. రెండుసార్లూ విన్నాను.

గంట గడిచింది. పొజ్జా రాలేదు. ఎండ వాలుతోంది. ఇర్మె లోపల కునుకు తీస్తోంది. హెప్సిబా గడియారం చూస్తోంది. నాకు లోపల పెనం కాలుతోంది. ఇన్ని బస్సులెక్కి, ఇంత దుమ్ము తిని, చివరికి రెండు చుక్కల కల్లు కోసం ఆగాలా?

"జయరావ్, కొట్టు," అన్నాను.

"మేస్టారూ, ఆయన వద్దన్నాడు కదండీ."

"నాకు తెలుసు, నువ్వు కొట్టు! ముప్పై ఏండ్ల సర్వీసు నాది. నీ తాత దెబ్బ కొట్టు. ముసలమ్మ లేచి, ఆహా అనాలె."

పాపం, వాడు కొట్టాడు. తాషా మీద కాదు, నేను చెప్పినట్టే డోలు మీద. రెండు బరువైన దెబ్బలు, ఖాళీ, ఒక దెబ్బ. డోలు గొంతు విని వాడికే ఒళ్లు పొంగింది. ఇంకా గట్టిగా కొట్టాడు. పక్షులు లేచాయి. వాగు అవతల కొండ తిరిగి బదులు చెప్పింది. నేను కళ్లు మూసుకుని తలాడిస్తున్నాను. సునీలుగా, విను రా అనుకుంటున్నాను.

ఇర్మె లేచొచ్చింది. ఆహా అనలేదు. కర్ర ఆనించుకుని గడపలో నిలబడి, "ఎవరు పోయిండ్రు?" అంది.

"ఎవ్వరూ పోలేదవ్వా. పెండ్లి వాయిద్యం ఇది."

"పెండ్లా? ఇది పెద్దోళ్లు పోతే కొట్టే దెబ్బ పిల్లగా. ఇక్కడ నాకంటే పెద్దోళ్లు ఎవరూ లేరు." వేళ్ల మీద లెక్క చూసుకుంది. "అంటే నేనే పోయిన."

జయరావు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఇంతలో తాటిచెట్ల వైపు నుంచి పెద్ద ఏడుపు. పొజ్జా. చెట్టు చివరన ఉండగా వాడికి తన ఇంటి నుంచి చావు డోలు వినబడింది. నిచ్చెన మాట మరిచి జారిపోయాడు. ఛాతీ అంతా గీరుకుపోయి, "అవ్వా! అవ్వా!" అంటూ పరుగెత్తుకొచ్చి, గడపలో నిలబడ్డ అవ్వను దాటుకుని లోపలికి పోయి, ఖాళీ మంచం చూసి భోరుమన్నాడు. ఇర్మె వెనకనుంచి కర్రతో ఒకటి వేసింది.

"ఏడువుడు తర్వాత. కల్లేది?"

కల్లు చెట్టు మీదే ఉండిపోయింది.

అంతటితో అయితే బాగుండేది. వాగు దాటి జనం రావడం మొదలైంది. మొదట ముగ్గురు, తరువాత పది, తరువాత లెక్కలేదు. ఆకు దొప్పల్లో బియ్యం, కొత్త గుడ్డలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆడవాళ్లు దూరం నుంచే రాగం తీసి ఏడుస్తూ, ఇర్మె చేసిన మంచి పనులన్నీ వల్లిస్తూ వచ్చారు. వచ్చి చూస్తే మంచం వాకిట్లో ఉంది, ఇర్మె దాని మీద ఉంది, ఒక్కొక్కరు ఏం తెచ్చారో చూసుకుంటోంది.

"ఓరి నందా," అంది మేకల మంద ఉన్న ఒకాయనను. "నీకు అన్ని మేకలుండంగ నాకు కోడిపిల్లనా? సరే, మంచిదైంది, తెలిసింది."

నందా కోడిని వెనక దాచుకున్నాడు. నిజంగా పోయిందనుకుని పొగిడినవాళ్లంతా ఇప్పుడు పొగిడింది వెనక్కి తీసుకోలేక నేల చూస్తున్నారు. కొందరికి నవ్వు, ఎక్కువమందికి మంట. ఇప్పపువ్వు వదిలి, వంట వదిలి, కొండ దిగి వచ్చారు మరి. అందరూ మా వైపు చూశారు. జయరావు నా వెనక్కి జరిగాడు. హెప్సిబా నాకు దూరం జరిగింది.

"ఎవరు కొట్టమన్నరు?" అంది ఇర్మె.

అబద్ధం చెప్పొచ్చు. రైలు మనిషికి తెలియక కొట్టాడనొచ్చు. జయరావు మొహం చూశాక నోరు రాలేదు. "నేనే అవ్వా," అన్నాను. "పొజ్జా వద్దన్నడు. రెండుసార్లు."

ఇర్మె నన్ను తిట్టలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. "డోలు పిలిచింది, వీళ్లొచ్చిండ్రు," అంది. "ఉత్తగ పిలిచిందంటే డోలు అబద్ధమాడినట్టే. రేపు నేను నిజంగ పోయిన్నాడు డోలు మోగితే ఎవరొస్తరు? కోతి చేష్టలోళ్లు ఎవరో మళ్ల కొట్టిండ్రనుకుంటరు. ఇగ వినుండ్రి. ఏడ్చుకుంట వచ్చినోళ్లు ఏడ్చుకుంట పోవద్దు. అందరినీ ఆడించి పంపుండ్రి. ఒక్క మనిషి కంటతడితోటి వాగు దాటినా, నా డోలు ఈ వాకిలి దాటదు."

డోలు లేకపోతే బ్యాండు లేదు. బ్యాండు లేకపోతే నా క్లారినెట్ అటక మీద. సునీల్ ముందు యాభై నాలుగేళ్ల మనిషి డాన్స్. నేను గబగబా క్లారినెట్ నోట పెట్టుకుని నాకు తెలిసిన పెద్ద పెళ్లి పాట ఎత్తుకున్నాను. నా వేగానికి జయరావు అందలేదు. హెప్సిబా ఇంకో శ్రుతిలో మొదలుపెట్టింది. పొజ్జా పుల్లలు పట్టుకుని ఎక్కడ దూరాలో తెలియక చూస్తూ నిలబడ్డాడు. ఆడించడం మాట అటుంచి, ఒక పసిపిల్ల కొత్తగా ఏడుపందుకుంది.

"ఏందిది!" అని అరిచాను. "నా వెంట రావాలని తెల్వదా మీకు?"

హెప్సిబా కీబోర్డు మీద గుడ్డ కప్పడం మొదలుపెట్టింది. షరతు గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, "అమ్మా, తల్లీ, ఏం చెయ్యమంటవు?" అన్నాను.

"మీరు ఆగండి అంకుల్. ఊరు వాళ్లది, కాళ్లు వాళ్లవి. పొజ్జా అన్నను ముందు వాయించనివ్వండి. మనం వెనకాల వెళదాం. మీరు అందరికంటే ఆఖర్న."

నేను ఆఖర్న! ముప్పై ఏళ్లలో ఊరేగింపుకు ముందు నడవని రోజు లేదు. మింగడానికి కష్టమైంది కానీ మింగాను. పొజ్జా డోలు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కల్లు లేదు కాబట్టి రెండు చుక్కల నీళ్లు పోసి, ఏదో గొణిగి క్షమాపణ చెప్పుకున్నాడు. తరువాత వాళ్ల ఆట దెబ్బ ఎత్తుకున్నాడు. జయరావు రెండు వరసలు విని, తాషాతో సందుల్లో దూరాడు. హెప్సిబా సన్నగా ఒక స్వరం పట్టి అక్కడే ఉంచింది. నేను క్లారినెట్ పట్టుకుని బెంచీ మీద కూర్చున్న పిల్లాడిలా నా వంతు కోసం చూశాను. ఆ పిల్ల తలూపింది. ఊదాను.

ఏం చెప్పను! నేను లాగక్కర్లేదు. ముగ్గురూ కలిసి నన్ను మోస్తున్నారు. ముందు నందా మడమ కదిలింది. తరువాత ఆడవాళ్లు నడుముల మీద చేతులు వేసుకుని వరస కట్టారు. కోళ్లు కట్లతోనే ఎగిరాయి. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి కానీ, నేను వాగు దాటేవాణ్ణి కాదు కాబట్టి లెక్కలోకి రాదు. గెలిచాం అనుకున్నాను.

అప్పుడు కనబడింది. చూరు కింద ఒకావిడ, యాభై ఏళ్లుంటాయేమో, బియ్యం దొప్ప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శబ్దం లేదు. నీళ్లు మాత్రం కారుతున్నాయి. ఇంతమంది ఆడుతున్నా ఆగడం లేదు. ఒక్క మనిషి వల్ల నా క్లారినెట్ అటకెక్కేలా ఉందని మళ్లీ కోపం వచ్చింది. ఊదడం ఆపి నేరుగా పోయాను.

"ఏందమ్మా, అవ్వ బతికే ఉన్నది కద? ఇంకా ఎందుకేడుస్తున్నవ్?"

"అవ్వ కోసం కాదు," అంది ఆవిడ. పేరు బుధ్రి. "కోస కోసం."

కోస ఆమె మొగుడు. నిరుడు మిరపకాయలు కోసే కూలికి తెలంగాణ వైపు పోయాడు. అక్కడే జ్వరమొచ్చి పోయాడు. కబురందుకుని ఆమె పోయేసరికి అక్కడివాళ్లు మట్టి కూడా చేసేశారు. "ఆయనకు డోలు మోగలే," అంది బుధ్రి. "పొద్దుగూకంగ వాగు కాడ ఉన్న. మోగింది. ఎవరు పోయిండ్రని కూడా అడగలే. ఆయనకే మోగిందనుకున్న. ఇంట్ల ఉన్న బియ్యం తెచ్చిన."

మా రెండెకరాల మిరపలోకి కూడా ఏటా ఇటువైపు కూలీలే వస్తారు. కాయ కోస్తారు, పోతారు. వాళ్ల పేర్లు నేను ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గేసింది. అటక, సునీలు, పెళ్లి, అన్నీ ఎక్కడికో పోయాయి.

వెనక్కి తిరిగి, "అవ్వా, ఇంకోసారి ఆ దెబ్బ కొట్టొచ్చా?" అని అడిగాను. ఈసారి అడిగాను.

ఇర్మె బుధ్రి వైపు చూసింది. తలూపింది.

"మళ్లీ అదేనా మేస్టారూ?" అన్నాడు జయరావు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

పొజ్జా వాణ్ణి పిలిచి డోలుకు అటువైపు కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కొట్టారు. రెండు బరువైన దెబ్బలు, ఖాళీ, ఒక దెబ్బ. విజయనగరం పెళ్లికొడుకు నడిచిన దెబ్బ మీదే పామేడు మనిషి కోస తన ఊరు నుంచి బయల్దేరాడు. హెప్సిబా చర్చిలో మట్టి చేసేటప్పుడు వాయించే స్వరాలు పట్టింది. నేను క్లారినెట్ కింది గొంతులో, తక్కువగా ఊదాను. ఆడుతున్నవాళ్లంతా నిలబడ్డారు. బుధ్రి ఈసారి గొంతెత్తి ఏడ్చింది. ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరి, కోస పేరు పెట్టి, వాడు చేసిన పనులన్నీ వల్లించి ఏడ్చారు. ఆమె లేచి దొప్పలో బియ్యం డోలు ముందు పోసింది. నందా తన కోడిని అక్కడ పెట్టాడు.

చాలాసేపటికి బుధ్రి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇగ ఆట కొట్టుండ్రి," అంది. "ఆయనకు ఆటంటే పానం." పొజ్జా దెబ్బ మార్చాడు. వరసలో మొదటి అడుగు ఆమెదే.

జనం వాగు దాటేటప్పుడు ఇర్మె కర్ర పట్టుకుని గట్టున నిలబడి ఒక్కొక్కరి మొహం చూసి పంపింది. ఆఖరి మనిషి దాటాక నా వైపు తిరిగింది.

"డోలు అబద్ధమాడలే పిల్లగా," అంది. "ఏడాది ఆలస్యమైంది, అంతే. తీస్కపో."

పెళ్లికి మూడు రోజుల ముందు మా అక్క ఇంటి ముందు నలుగురం నిలబడి వాయించాం. జయరావు మళ్లీ సెలవు ఎలా సంపాదించాడో నేనడగలేదు, వాడు చెప్పలేదు. దుర్గ చేతిలో ఫోను పట్టుకుని, ఫారంలో గళ్లు చూసుకున్నట్టు, "ఒకటి, రెండు, మూడు, నాలుగు. సరే మామా, పాస్," అంది. తరువాత తనే గజ్జెలు కట్టినట్టు ఎగిరింది. సునీల్ కూడా వచ్చాడు, వాడి పాత పుల్లలు వెంట తెచ్చుకుని. జయరావు పక్కన నిలబడి రెండు పాటలు తాషా కొట్టాడు. "గురూజీ, బాగున్నవా?" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించింది. జయరావు తాత దెబ్బ మాత్రం తర్లగూడలో కొట్టలేదు. పొజ్జాతో పామేడు వైపు వాళ్లు పెళ్లికి వచ్చారు మరి, మళ్లీ బియ్యం తెస్తే?

ఇప్పుడు భోపాలపట్నం నుంచి చర్ల దాకా మాకు తీరిక లేదు. దుర్గ మాకు ఇర్మె బ్యాండు అని పేరు పెట్టి బోర్డు కొట్టించింది. పొజ్జా వచ్చేదాకా నేను డోలు ముట్టను, ఎవరినీ ముట్టనివ్వను. ఎవరైనా ముట్టబోతే అరుస్తాను. ఆ ఒక్క అరుపుకు హెప్సిబా కీబోర్డు సర్దదు.

మా మొట్టమొదటి బుకింగ్ మాత్రం దుర్గ పెళ్లి కాదు. ఆ సాయంత్రం వాగు గట్టున డోలు అప్పగిస్తూ ఇర్మె చెప్పుకున్నది. తను పోయిన రోజున నలుగురం రావాలి, రైలు పిల్లగాడు డోలుకు అటువైపు కూర్చోవాలి, ముందు ఏడిపించాలి, తరువాత అందరినీ ఆడించాలి. మా ఇంట్లో క్యాలెండర్ పైన, తేదీలు మొదలవక ముందే, ఆమె పేరు రాసిపెట్టాను. పొజ్జా ఫోను చేసినప్పుడల్లా పక్కనుంచి ఫోను లాక్కుంటుంది.

"పిల్లగా, నా తేదీ ఎవరికన్న ఇచ్చినవా?"

"లేదవ్వా. నీదే, అట్లనే ఉంది."

"ఉండనియ్యి. ఆ దినం వేరే పెండ్లిళ్లున్నా ఒప్పుకోకు," అంటుంది ఇర్మె. "నందా మేకపిల్ల తెస్తనన్నడు. అది కొంచెం పెరగనీ."